దేవుడికి దారి చెప్పే గిద్యోనప్ప

ఆండర్సన్‌పేట గిద్యోనప్పకు ఉన్నది ఒకటే పిచ్చి. ప్రార్థనలో దేవుడికి అడ్రసు చెప్తాడు. ఊరు, రోడ్డు, మలుపు, తలుపు రంగు, ఎదురింట్లో ఎవరున్నారు, గడప దాటేటప్పుడు తల వంచాలా అక్కర్లేదా, అన్నీ విడమరిచి చెప్తాడు. లోకంలో భక్తులందరూ దేవుణ్ణి వరాలు అడుగుతారు. ఈయన ముందు దారి చెప్పి, ఆ తరువాత టైముంటే వరం అడుగుతాడు. చాలాసార్లు టైముండదు.

ఆదివారం ఆరాధనలో ప్రసంగం అయ్యాక జబ్బుపడ్డవాళ్ళ కోసం, కష్టంలో ఉన్నవాళ్ళ కోసం చేసే విజ్ఞాపన ప్రార్థన గిద్యోనప్పది. ఆ పని ఆయనకు ఎవరు అప్పగించారో ఎవరికీ గుర్తు లేదు. బంగారు గని మూతపడే దాకా అందులో రాళ్ళు మోసిన మనిషి, భార్య పోయాక గని కూలీలకు వరుసగా కట్టిన లైను ఇంట్లో ఒక్కడే ఉంటున్నాడు. చర్చిలో ఆయన చోటు తలుపు పక్కన, చెప్పులు విడిచే చోటికి జానెడు ఇవతల. "ముందుకు రాండి గిద్యోనప్పా" అని పాస్టరయ్యగారు ఎన్నిసార్లు పిలిచినా, "ఈడ చాలయ్యా, ఆయనకు వినపడతాది" అనేవాడు. తువ్వాలు పరిచి, మోకాళ్ళ మీద కూలబడి, నుదురు నేలకు తగిలేంతగా వంగేవాడు. ఆ మోకాళ్ళు పటపటమన్న చప్పుడు వినపడగానే సంఘమంతా కళ్ళు మూసుకునేది.

"తండ్రీ, అక్కయమ్మకు మోకాలు నొప్పి," అని మొదలుపెట్టేవాడు. "ఏ అక్కయమ్మ అంటావేమో, మన అక్కయమ్మే. మారికుప్పం రోడ్డులో వస్తా ఉంటే గని మట్టి పోసిన సైనైడ్ దిబ్బ కనపడతాది కదా, ఆడ కుడిచేతికి తిరుక్కో. మునుపు శ్రీరామప్ప టీ అంగడి ఉండె చూడు, ఇప్పుడు లేదు, అది ఉండిన చోటు. దాని వెనక లైను ఇండ్లు. పచ్చ తలుపు."

మూసుకున్న కళ్ళలోంచి ఒక గొంతు లేచేది. "నీలం తలుపు మామా. క్రిస్మస్‌కు పెయింటు వేసినాము."

"నీలం తలుపు ప్రభువా. క్రిస్మస్‌కు వేసినారంట, నాకు చెప్పలే."

ఆయన చెప్పే గుర్తుల్లో సగం ఇప్పుడు లేవు. గనులు మూతపడ్డాక టీ అంగళ్ళు పోయాయి, సైరను ఆగిపోయింది, చెట్లు కొట్టేశారు, చాలామంది ఇళ్ళకు తాళాలు పెట్టి వెళ్ళిపోయారు. అయినా గిద్యోనప్ప మాత్రం పాత ఊరి మీదుగానే దేవుణ్ణి నడిపించేవాడు. "క్యాంటీను ఉండిన చోట," "కొండి వీరప్ప కోళ్ళు మేసిన చోట," అంటుంటే, ఆ ప్రార్థన జరిగినంతసేపూ పోయిన ఊరు కాసేపు తిరిగి వచ్చినట్టుండేది. అప్పట్లో అది ఎవరికీ తట్టలేదు. అందరికీ ఆకలి.

అందరికంటే ఎక్కువ ఆకలి ప్రేమకు. ప్రేమది ఆండర్సన్‌పేట బజారులో కుట్టు అంగడి. మెడలో ఎప్పుడూ టేపు వేలాడుతూ ఉంటుంది, చర్చికి వచ్చేటప్పుడు కూడా తియ్యడం మరిచిపోతుంది. సంఘానికి ఆమెను కార్యదర్శిగా ఎన్నుకున్న నాటి నుంచీ ఆరాధనకు కూడా కొలతలు తీసింది. పాటకింత, ప్రసంగానికింత, కానుకలకింత. అన్నీ ఆమె చెప్పినట్టే కుదిరాయి, పాస్టరయ్యగారి ప్రసంగంతో సహా. కుదరనిది గిద్యోనప్ప ఒక్కడే. ఆయన సైనైడ్ దిబ్బ దగ్గర కుడిచేతికి తిరిగే సరికి ఆమె ఇంట్లో నానబెట్టిన బియ్యం పులుస్తుండేవి.

పైగా ఆయన లెక్కలో సంఘానికి గోడలు లేవు. ఒకసారి అక్కయమ్మ తమ్ముడి ఆవుకు జ్వరమొచ్చింది. ఆ ఆవు ఉండేది బూదికోటలో.

"ప్రభువా, బంగారుపేటలో దిగి బస్సు మారాల. కోలారు బస్సు ఎక్కొద్దు, అది వేరే పక్కకు పోతాది. బూదికోటలో కోట కనపడతానే దిగిపో. ఆడ రెండావులు ఉండాయి. ఎర్రావు బాగానే ఉండాది. దాన్ని వదిలేయి. తెల్లావు, ఒక కొమ్ము వంకర."

ఇంకోసారి పక్కింటి బచ్చప్ప కోసం. బచ్చప్పది ఆటో. వాళ్ళింట్లో పూజలు వేరు, పండుగలు వేరు. ఆదివారం గిరాకీ కోసం ఆటోను చర్చి కిటికీ కింద నిలబెట్టుకొని బయట బీడీ కాలుస్తూ ఉంటాడు.

"ప్రభువా, బచ్చప్ప మన చర్చికి రాడు. నీకు పరిచయం తక్కువ. కాబట్టి రొంత వివరంగా చెప్తా," అని గిద్యోనప్ప ఎత్తుకున్నాడు.

కిటికీలోంచి బచ్చప్ప కేక వేశాడు. "గిద్యోనన్నా, మీ దేవుణ్ణి ఇంటికి రావద్దను. ఆటో స్టాండుకు రమ్మను. జబ్బు ఇంజనుకు, నాక్కాదు."

"స్టాండుకు పో ప్రభువా," అన్నాడు గిద్యోనప్ప, తల ఎత్తకుండానే.

ఈ పిచ్చి ఆయనకు వాళ్ళమ్మ నుంచి వచ్చింది. గని నడిచే రోజుల్లో లోపల రాయి విరిగిపడి మనిషి పోతే, ఇంటికి కబురు చెప్పడానికి గని మనిషి వచ్చేవాడు. లైను ఇళ్ళన్నీ ఒకే అచ్చులో పోసినవి. ఒకసారి ఆ మనిషి తలుపు తప్పి వీళ్ళింటికి వచ్చాడు. అమ్మ గుండెలు బాదుకుంది, లైనంతా వచ్చి చేరింది, చావు పాటలు కూడా మొదలయ్యాయి. షిఫ్టు దిగి ఖాళీ టిఫిను డబ్బా ఊపుకుంటూ వచ్చిన గిద్యోనప్ప నాన్న ఆ గుంపులో నిలబడి, "పాపం, ఎవరు పోయినారప్పా?" అని అడిగాడు.

ఇక్కడిదాకా చెప్పి గిద్యోనప్ప తానే నవ్వేవాడు. తరువాత నవ్వు ఆపేసేవాడు. "మా ఇంట్లో అందరూ నవ్వినారు, మా అమ్మ నవ్వలే. అసలు పోయినాయన ఇంట్లో ఆయమ్మ మొగుడికి ముద్ద చేసి పెట్టుకోని కూర్చోనుంది. ఒక్కతే. ఆమెకు తోడు ఉండాల్సిన జనమంతా మా ఇంట్లో ఏడుస్తా ఉండిరి. మా అమ్మే లేచి పోయి చెప్పింది, ఆ పూటంతా ఆమెను పట్టుకోని కూర్చునింది. అప్పట్నుంచి మా అమ్మ తలుపు గుర్తు చెప్పకుండా ప్రార్థన చేసింది లేదు."

ప్రేమ ఈ కథ చాలాసార్లు వింది. విన్న ప్రతిసారీ గోడ గడియారం వైపు చూసింది. ఆ చూపు ఇప్పుడు గుర్తొస్తే ఆమెకు తన మీద తనకే కోపం వస్తుంది.

సంఘ వార్షికోత్సవం రోజున కొంప మునిగింది. బెంగళూరు నుంచి పెద్ద ప్రసంగీకుణ్ణి పిలిపించారు. కోటు వేసుకొని వచ్చాడు, బ్రహ్మాండంగా మాట్లాడాడు. ప్రేమ కొత్త చీర కట్టుకొని, టేపు కూడా మరిచిపోకుండా తీసి, మొదటి వరుసలో కూర్చుంది. అంతా కొలత ప్రకారం నడిచింది. అప్పుడు తలుపు దగ్గర మోకాళ్ళు పటపటమన్నాయి.

"ప్రభువా, ఈ అయ్య దూరం నుంచి వచ్చినాడు. ఈయన ఇంటినీ పెండ్లాం బిడ్డల్నీ కాపాడు. ఈయన ఇల్లు..." గిద్యోనప్ప ఆగిపోయాడు. చర్చి మొత్తం ఎదురుచూసింది. "అయ్యా, మీ ఇల్లు యాడ?"

ప్రసంగీకుడు ఒక కన్ను తెరిచాడు. "బెంగళూరండీ."

"బెంగళూరు పెద్దూరు కదయ్యా. బెంగళూరులో యాడ?"

"వైట్‌ఫీల్డ్."

"వైట్‌ఫీల్డులో?"

"మెట్రో స్టేషను వెనక అపార్ట్‌మెంటు. తొమ్మిదో అంతస్తు."

"లిఫ్టు ఉండాదా?"

"ఉందండీ."

"లిఫ్టు ఉండాది ప్రభువా," అన్నాడు గిద్యోనప్ప, పెద్ద బరువు దిగినట్టు.

పాటల బృందంలో ఆడపిల్లలు చున్నీలు నోట్లో కుక్కుకున్నారు. కిటికీ బయట బచ్చప్ప పగలబడి నవ్వాడు. కోటాయన భుజాలు కూడా కదిలాయి. నిజానికి ఆయన చాలా సంతోషంగా నవ్వాడు, భోజనాల దగ్గర గిద్యోనప్పను పక్కన కూర్చోబెట్టుకున్నాడు కూడా. అవేవీ ప్రేమ కంటికి ఆనలేదు. నలుగురిలో తల కొట్టేసినట్టయింది ఆమెకు. చేతులు కడుక్కునే చోట గిద్యోనప్పను పట్టుకుంది.

"మామా, ఒక మాట అడుగుతాను, తప్పుగా అనుకోవద్దు. దేవునికి అన్నీ తెలుసు కదా?"

"తెలుసమ్మా."

"మన ఇండ్లు యాడ ఉండాయో తెలీదా ఆయనకు?"

"ఎందుకు తెలీదు? అన్నిండ్లూ తెలుసు."

"ఇంగ అడ్రసు ఎందుకు మామా? ఊరంతా నవ్వుతా ఉండారు. ప్రార్థన అంటే పోస్టాఫీసా?"

గిద్యోనప్ప తడి చేతులు పంచెకు తుడుచుకుంటూ ఆలోచించాడు. ఆయన వాదిస్తాడని, వాళ్ళమ్మ కథ మళ్ళీ ఎత్తుతాడని ఆమె బోలెడన్ని జవాబులు సిద్ధం చేసుకొని ఉంది.

"నిజమే కదమ్మా," అన్నాడు ఆయన. "నేను నిండా మాట్లాడతా ఉండాను. నీకు తలవంపు తెచ్చినాను. క్షమించు తల్లీ."

అంతే. ఆ జవాబులన్నీ ఆమె దగ్గరే మిగిలిపోయాయి. ఆయన ఒక్క మాటైనా ఎదురు చెప్పి ఉంటే బాగుండేదని ఆమె తరువాత చాలా రోజులు అనుకుంది.

మరుసటి ఆదివారం మోకాళ్ళు పటపటమన్నాయి. అందరూ కళ్ళు మూసుకోబోయారు.

"ప్రభువా, అందరినీ చూసుకో. ఆమేన్."

సగంమంది కళ్ళు ఇంకా తెరిచే ఉన్నాయి. అక్కయమ్మ పక్కామెను గోకి, "ఏమంట, మామకు ఒంట్లో బాగలేదా?" అని అడిగింది. పాస్టరయ్యగారు తరువాతి పాట వెతుక్కోవడానికి తడబడ్డారు. ప్రేమ మాత్రం ఆ రోజు ఇంటికి పోయి వేడి వేడి అన్నం తిని, నిద్ర కూడా పోయింది.

అట్లా కొన్ని వారాలు గడిచాయి. ఆరాధన కొలత ప్రకారం నడిచింది. కొలత ప్రకారం అందరూ ఇళ్ళకు పోయారు.

ఒక ఆదివారం నేత్రావతి చర్చికి వచ్చింది. లైను చివర ఒంటరిగా ఉండే మనిషి, తెల్లవారి రైలుకు బెంగళూరు గార్మెంటు ఫ్యాక్టరీకి పోయి వస్తుంటుంది. చూస్తే రవిక భుజాల మీద నుంచి జారిపోతోంది. ఆ రవిక కుట్టింది ప్రేమే. కొలత తప్పదు.

"ఏమే, ఇట్లయిపోయినావు?"

"జ్వరమక్కా. లేచి నీళ్ళు కాచుకునేదానికి కూడా కాలేదు. నేను ఫ్యాక్టరీకి పోయినానని లైనులో వాళ్ళు అనుకునిరి."

"ఎవరికైనా చెప్పకూడదా?"

"ఎవరికి చెప్పేది? మునుపైతే మామకు ఒక మాట చెప్తే చాలు. ఆయన దేవునికి చెప్పేవాడు. మధ్యాహ్నానికి ఎవరో ఒకరు గంజి తీసుకోని వచ్చేవాళ్ళు."

"మామకు చెప్పలేదా ఈసారి?"

"చెప్పినాను. రోజూ వచ్చినాడు పాపం. బ్రెడ్డు తెచ్చినాడు, కాపీ పెట్టినాడు. ఆ కాపీ తాగితే జ్వరమే నయం అనిపించింది అక్కా. ఆయనకు యాడ వస్తాది వంట."

నేత్రావతి నవ్వుతూనే చెప్పింది. ప్రేమకు నవ్వు రాలేదు. తన భర్తకు ఆపరేషనైన రోజులు గుర్తొచ్చాయి. అప్పుడు సంఘంలో ఒకరి తరువాత ఒకరు వాళ్ళింటికి వచ్చారు, చారు తెచ్చారు, పాలు తెచ్చారు, భర్త పక్కన కూర్చొని ఆమెను కాసేపు నిద్రపొమ్మన్నారు. వచ్చిన ప్రతి ఒక్కరూ మెట్ల మీద గోడ పట్టుకొని జాగ్రత్తగా ఎక్కారు. మెట్లు నిటారుగా ఉంటాయని వీళ్ళకెట్లా తెలుసా అని అప్పుడు ఆమెకు ఆశ్చర్యం కూడా వేయలేదు. "కుట్టు అంగడి వెనక ప్రభువా, మెట్లు నిటారు, గోడ పట్టుకోని ఎక్కు," అని గిద్యోనప్ప చెప్పి ఉంటాడు. దేవుడు గోడ పట్టుకున్నాడో లేదో, అక్కయమ్మ పట్టుకుంది.

దేవుడికి చెప్పిన అడ్రసులన్నీ కళ్ళు మూసుకున్న సంఘం వింటూ ఉండేది. ఫలానా ఇంటికి ఎవరైనా పోండి అని ఆయన ఒక్కనాడూ ఒక్కరికీ చెప్పలేదు. చెప్తే అది పురమాయించడమవుతుంది, జబ్బుపడ్డవాళ్ళకు చిన్నతనంగా ఉంటుంది. దేవుడి ముందు మోకరించి, నలుగురు నవ్వే మాటలు నాలుగు మాట్లాడి, దారి మాత్రం అందరి చెవినా వేశాడు. ఆ దారులన్నీ ప్రేమ తానే మూసేసింది. ఆ రోజు ప్రేమ వండుకున్న అన్నం గిన్నెలోనే ఉండిపోయింది.

ఆయన దగ్గరికి పోయి, "మామా, మళ్ళీ చెప్పు" అంటే అయిపోయేది. కానీ కార్యదర్శి తానే పెట్టిన నియమం తానే తీసేయాలంటే మొహం చెల్లలేదు. వచ్చే ఆదివారం చెప్దామనుకుంది. ఆ ఆదివారం తలుపు పక్క చోటు ఖాళీగా ఉంది. ఆ తరువాతి ఆదివారం కూడా ఖాళీగానే ఉంది. నా మీద అలిగినాడు, అలగడం న్యాయమే, అనుకుంది ప్రేమ. అలిగినవాణ్ణి బతిమాలడానికి ఇంకా కొన్ని రోజులు ధైర్యం కూడగట్టుకుంటూ ఉండిపోయింది. మిషను మీద కూర్చుంటే సూది ఒకచోట, మనసొకచోట.

శనివారం సాయంత్రం బచ్చప్ప ఖాకీ చొక్కా కుట్టించుకోవడానికి అంగడికి వచ్చాడు. చేతులు చాపి కొలతలిస్తూ అన్నాడు, "మీరంతా నిండా మంచోళ్ళు అనుకున్నానమ్మా. మా గిద్యోనన్న పెద్దాసుపత్రిలో పడుంటే ఒక్కరన్నా తొంగి చూడలేదే?"

ప్రేమ చేతిలోంచి టేపు జారిపోయింది. "ఆసుపత్రా? ఎప్పటినుంచి?"

"ఊపిరితిత్తుల్లో నెమ్ము. నేనే ఆటోలో తీసకపోయి చేర్చినాను. రెండు వారాలయింది."

"మాకెవరూ చెప్పలేదే!"

బచ్చప్ప ఆమె వైపు వింతగా చూశాడు. "చెప్పేటాయనే కదమ్మా పడుకోనుండేది."

ప్రేమ బచ్చప్ప చొక్కా ఒక చేయి కొలత తీసుకోవడమే మరిచిపోయింది. అతను పోగానే గిద్యోనప్పకు ఫోను చేసింది. అటువైపు ముందు దగ్గు వినపడింది, తరువాత, "ఎవరమ్మా?"

"నేను మామా, ప్రేమను. ఎట్ల ఉండావు?"

"ప్రేమమ్మా! బాగుండాను తల్లీ. ఇడ్లీ ఇస్తా ఉండారు."

"రేపు చర్చిలో ప్రార్థన పెట్టిస్తా మామా. నేనే చేస్తాను." క్షమించమని అడగాలనుకుంది, నోటికి అది రాలేదు. వేరే మాట వచ్చింది. "అడ్రసు చెప్పు మామా."

అటువైపు మంచం కిర్రుమంది.

"అడ్రసెందుకమ్మా, ఆయనకు..."

"చెప్పు మామా."

"మేడపైన మగవాళ్ళ వార్డు," అన్నాడు గిద్యోనప్ప నిదానంగా. "లోపలికి వచ్చి నేరుగా చివరిదాకా పోవాల. కిటికీ పక్క మంచం. కిటికీలోంచి వేపచెట్టు కనపడతాది. కిటికీ పక్కదే, మరిచిపోవద్దు."

అప్పుడే పోయి చూసి రావాలని ప్రేమ లేచింది. ఒక పెళ్ళివాళ్ళ రవికలు ఆ రాత్రికే ఇవ్వాల్సి ఉండి మళ్ళీ కూర్చుంది. ఎట్లాగూ రేపు అందరం పోతాం కదా అని సర్ది చెప్పుకుంది.

ఆదివారం ప్రేమ మొదటి వరుస వదిలి తలుపు పక్కకు వచ్చి, ఆయన మోకరించే చోట మోకరించింది. ఆమె మోకాళ్ళు కూడా చప్పుడు చేశాయి.

"ప్రభువా, గిద్యోన్ మామకు జబ్బు. పెద్దాసుపత్రి నీకు తెలుసు. గేటు దాటి..." ఆమె ఆగింది. ఆసుపత్రి గేటు దాటాక ఎటు పోవాలో ఆమెకు సరిగ్గా గుర్తు లేదు.

"ఎడమ పక్క మెట్లు," అంది నేత్రావతి, కళ్ళు మూసుకునే.

"ఎడమ పక్క మెట్లెక్కు ప్రభువా. మేడపైన మగవాళ్ళ వార్డు. చివర, కిటికీ పక్క మంచం. వేపచెట్టు కనపడతాది." అక్కడితో ఏడుపొచ్చింది. ఏం కావాలో అడగనే లేదు. టైముండి కూడా అడగలేకపోయింది.

మధ్యాహ్నానికి సంఘంలో సగం ఆసుపత్రి మెట్ల మీద ఉంది. అక్కయమ్మ రాగిముద్ద, అందులో నంజుకునే ఉప్పుసారు డబ్బాలో సర్దుకొచ్చింది. నేత్రావతి ఫ్లాస్కులో మంచి కాపీ తెచ్చింది, ఆ మాట ముందే అందరికీ చెప్పింది. నేరుగా చివరిదాకా పోయారు. కిటికీ పక్క మంచం మీద ముసుగు తన్ని, వేపచెట్టు వైపు తిరిగి పడుకున్న మనిషి ఉన్నాడు. లేపడమెందుకని చుట్టూ నిలబడి కళ్ళు మూసుకున్నారు. పాస్టరయ్యగారు ప్రార్థన ఎత్తుకున్నారు. అక్కయమ్మ ముసుగు మీదే తల ఎక్కడుందో వెతికి చెయ్యి పెట్టింది. ప్రేమ దుప్పటిలోంచి బయటికి వచ్చిన ఒక పాదం పట్టుకుంది. "మామా, నన్ను క్షమించు," అని బయటికే అనేసింది.

ముసుగులోంచి ఒక బుర్రమీసాల మనిషి లేచి కూర్చున్నాడు.

"ఎవరమ్మా మీరంతా?" అతను గుంపును చూసి దుప్పటి గడ్డం దాకా లాక్కున్నాడు. "నాకేమన్నా అయిందా? డాక్టరు నాకు చెప్పకుండా మీకు చెప్పినాడా?"

అతని పేరు రామాంజినప్ప. నంగలి దగ్గర మామిడి తోటలో కాపు కోస్తూ కొమ్మ విరిగి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. భార్య లేదు, తమ్ముడు ఆవుల్ని వదిలి రాలేడు. చేరిన నాటి నుంచీ అతని కోసం ఒక్క మనిషి ఆ మెట్లెక్కలేదు. ఈ సంగతులన్నీ అతను రాగిముద్ద మింగుతూ చెప్పాడు. తప్పు మంచమని తెలిసినా అక్కయమ్మ డబ్బా మూత పెట్టలేకపోయింది. ముద్ద వాసన తగలగానే అతని కళ్ళు డబ్బాకు అతుక్కుపోయాయి.

"మేము వేరే వాళ్ళ కోసం వచ్చినామప్పా," అన్నారు పాస్టరయ్యగారు నొచ్చుకుంటూ.

"ఉండనీలే సామీ, వచ్చినారు కదా," అన్నాడు రామాంజినప్ప. "ఇంగొంచెం సారు పోయమ్మా."

అప్పుడు వార్డు మొదట్నుంచి దగ్గు వినపడింది. దగ్గులో సగం నవ్వు. తలుపు పక్కన, రోగుల చెప్పులు విడిచే చోటికి జానెడు ఇవతల ఉన్న మంచం మీద గిద్యోనప్ప దిండుకు ఆనుకొని కూర్చొని, ఇదంతా సినిమా చూసినట్టు చూస్తున్నాడు. అందరూ ఆయన్ను దాటుకొనే లోపలికి పోయారు.

ప్రేమ వెళ్ళి ఆయన ముందు నిలబడింది. ఆయన చిక్కిపోయాడు. చెంపలు లోపలికి పోయాయి.

"కిటికీ పక్క మంచం అని చెప్పినావు కదా మామా?"

"చెప్పినాను."

"నీది తలుపు పక్కది కదా?"

"అవునమ్మా. నాకు యాడ పోయినా తలుపు పక్కే."

"మరి తప్పు అడ్రసు ఎందుకిచ్చినావు?"

"తప్పెట్లయితాది? నువ్వు ప్రార్థనకు అడ్రసు అడిగినావు. నాకు రొంత నయం. బచ్చప్ప పొద్దున ఒకసారి, మాపటికొకసారి వచ్చి తిట్టిపోతాడు. ఆ కిటికీ పక్కాయనకు తిట్టేదానికి కూడా ఎవరూ లేరు. ఆ మెట్ల మీద చప్పుడైతే చాలు, లేచి చూస్తాడు, మళ్ళీ కిటికీ పక్కకు తిరుక్కుంటాడు. నువ్వు అడిగినప్పుడు నాకు ఆ ఒక్క అడ్రసే గుర్తొచ్చింది తల్లీ."

తప్పు ఇంటికి జనం పోతే ఒక ఆడమనిషి ఒంటరిగా మిగిలిపోయిందని జన్మంతా బాధపడిన మనిషి, బతుకులో మొదటిసారి జనాన్ని కావాలనే తప్పు మంచానికి పంపాడు, తాను ఒంటరిగా మిగిలి. ప్రేమకు కళ్ళ నీళ్ళు ఆగలేదు. వాటిని దాచుకోవడానికి కోపం తెచ్చుకుంది.

"నాతో దేవునికి తప్పు చెప్పిస్తావా? ఆయన పోయి ఆ కిటికీ దగ్గర నిలబడి ఉంటే?"

"నిలబడనీ. రామాంజినప్పకు కాలు అతుక్కోవాల కదా. ఆమీట ఈ పక్కకు వస్తాడులే." గిద్యోనప్ప అమాయకంగా ఆమె వైపు చూశాడు. "ఆయనకు అన్నీ తెలుసని నువ్వే చెప్పితివి కదమ్మా?"

ప్రేమ మంచం అంచున కూర్చుంది. అడగాల్సిన క్షమాపణ అప్పటికే వేరే మంచం దగ్గర అడిగేసింది, దాన్ని రామాంజినప్ప రాగిముద్దతో పాటు మింగేశాడు. మళ్ళీ మొదటి నుంచి అడగబోతే గిద్యోనప్ప చెయ్యి అడ్డం పెట్టి, నేత్రావతి ఫ్లాస్కు వైపు ఆశగా చూశాడు.

దగ్గు తగ్గింది కానీ ఇంకో వారం ఉండమన్నారు. ఆ వారంలో రామాంజినప్పకు వచ్చినన్ని డబ్బాలు వార్డులో డాక్టరుకు కూడా రాలేదు. ఏది తెచ్చినా గిద్యోనప్ప ముందు కిటికీ వైపు చెయ్యి చూపించేవాడు.

ఆదివారం ప్రేమ మళ్ళీ తలుపు పక్క మోకరించింది. మెడలో టేపు వేలాడుతూనే ఉంది. గడియారం వైపు చూడలేదు.

"ప్రభువా, పోయిన వారం నాతో నీకు తప్పు దారి చెప్పించినారు. ఎవరు చెప్పించినారో నీకు తెలుసు. అదే ఆసుపత్రి, అదే మెట్లు, అదే వార్డు. చివరిదాకా పోవద్దు. తలుపు తీస్తానే ఎడమ పక్క మంచం. తలకు తువ్వాలు చుట్టుకోని ఒక ముసలాయన ఉంటాడు. నిన్ను చూస్తానే కిటికీ వైపు చెయ్యి చూపిస్తాడు. ఆయన మాట వినొద్దు. ఆయన్ను ముందు బాగు చేసి ఈ తలుపు దగ్గరికి పంపించు. మాకు దారులు తెలీక తప్పిపోతా ఉండాము."

కిటికీ బయట నుంచి బచ్చప్ప గొంతు వినపడింది. "కుడి పక్క మంచమమ్మా. ఎడమ పక్కది నీళ్ళ డ్రమ్ము."

"కుడి పక్క ప్రభువా," అంది ప్రేమ.